ఒంటరిగా వదిలితే ఏడుపు

కంకిపాడు హాస్టల్,
జులై 6, ఆదివారం.

మార్త పెద్దమ్మకి, నీ వినీల వందనాలు.

మా హాస్టల్లో ఫోన్లు లేవని నీకు తెలుసు కదా. ఆదివారం మాత్రం వార్డెన్ గారి ఫోను ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు ఇస్తారు. ఇవాళ నా ముందు నలభై మంది ఉన్నారు. అమ్మతో "తిన్నావా", "తిన్నాను" అయ్యేసరికి వెనకనుంచి నా గదిలో ఉండే కీర్తన "అయిందా నీది?" అని భుజం పొడిచింది. అందుకే ఈ ఉత్తరం. రాస్తుంటే ఒక మాట ఇంకో మాటని పిలుచుకొస్తోంది పెద్దమ్మా. ఇన్నాళ్ళూ గలగలా మాట్లాడటమే తప్ప, రాయడంలో ఇంత సుఖం ఉందని నాకు తెలియనే తెలియదు. నాన్న వచ్చే ఆదివారం నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఇది నీకు అందిస్తారు.

మన్నా ఎలా ఉన్నాడు? మా ఇంటి ఓనరు రాజ్యలక్ష్మి ఆంటీ "కుక్కనైనా పంపండి, ఇల్లైనా ఖాళీ చేయండి" అన్నప్పుడు చుట్టాలందరూ మొహాలు తిప్పుకున్నారు. నువ్వొక్కదానివే "మార్చి దాకా నా దగ్గర ఉంచు" అన్నావు. ఆంటీకి కుక్కలంటే పడదు, అంతే. మార్చిలో నా ఇంటర్ పరీక్షలు అయిపోతాయి, అప్పటికి నాన్న ఇల్లు మారుస్తానన్నారు. ఆ రోజే వచ్చి వాణ్ణి తీసుకెళ్ళిపోతాను. టెన్త్‌లో మంచి మార్కులు వస్తే ఏం కావాలని నాన్న అడిగితే, స్కూటీ వద్దని వాణ్ణి అడిగాను. వాడు నా మొదటి సొంత వస్తువు. వస్తువు అని రాయకూడదు కానీ ఇంకో మాట దొరకలేదు.

వాడి జుట్టు రోజూ దువ్వాలి. కళ్ళ కింద తడి గుడ్డతో తుడవాలి, లేకపోతే ఎర్రగా చారలు పడతాయి. ద్రాక్షపళ్ళు, చాక్లెట్లు, ఉల్లిపాయ అసలు పెట్టకు. గట్టిగా కేకలేస్తే చిన్నబుచ్చుకుని మంచం కిందకి పోతాడు. అంతకుమించి ఏ ఇబ్బందీ ఉండదు. జుట్టు రాలదు. కొత్తవాళ్ళొస్తే మొరుగుతాడు, ఒంటరిగా ఉండే నీకు కాపలా కూడా.

నీ
వినీల


గుణదల,
జులై 19.

వినీలకి,

మీ నాన్న తెచ్చిన ఉత్తరం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అందులో ఉన్న సంగతులే సరిగా లేవు.

సోమవారం గ్యాస్ బండ వచ్చింది. అతను గేటు తీయగానే నీ కాపలాకుక్క పరిగెత్తుకెళ్ళి, అతని కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. అతను బండ దించి, పొట్ట గోకి, "పమేరియనా అమ్మా?" అన్నాడు. ఈ వీధిలో తెల్లగా బొచ్చుగా ఉన్నదల్లా పమేరియనే. "కాదు బాబూ, బిషాన్ ఫ్రీజ్" అన్నాను. ఆ పేరు పలికేసరికి నాకు పళ్ళు కదిలినంత పనైంది. "ఏదైతేనేం లెండమ్మా, దొంగ వస్తే బీరువా తాళాలు ఎక్కడున్నాయో ఇదే చూపిస్తుంది" అని నవ్వుకుంటూ పోయాడు.

బొచ్చు రాలదన్నావు. నిజమే, రాలదు. చిక్కు పడుతుంది. దువ్వెన దిగదు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పిల్లల తలలు దువ్వాను కానీ ఇంత మొండి జుట్టు చూడలేదు. తెల్లకుక్క అని ఇచ్చావు. వాన పడిన రోజు పదింటికల్లా దాని రంగు ఏమిటో చెప్పడం కష్టం. పైగా వాన పడితే పెరట్లోకి పోనంటుంది. నా గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో అడగకు. సాయంత్రం ఆరయిందంటే ఎవరో తరుముతున్నట్టు హాలంతా గిరగిరా తిరుగుతుంది, సోఫా ఎక్కి, దిగి, నా కుర్చీ కిందనుంచి దూరి, మళ్ళీ సోఫా. పది నిమిషాలు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది.

ఇవన్నీ భరించవచ్చు. బుధవారం కరివేపాకు, పాలు తెద్దామని తాళం వేసి వెళ్ళాను. ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఏడుగురున్నారు. "ఎవర్నో కొడుతున్నారనుకున్నామండీ" అన్నారు. ఏడుపులు నాకు కొత్త కాదు. నొప్పి ఏడుపు వేరు, ఆకలి ఏడుపు వేరు. ఇది ఆ రెండూ కాదు. సందు మొదట్లోకే వినబడింది.

ఈ సంగతి నీకు ముందే తెలుసా? డొంకతిరుగుడు లేకుండా రాయి.

మార్త పెద్దమ్మ


కంకిపాడు హాస్టల్,
ఆగస్టు 10.

పెద్దమ్మకి,

తెలుసు.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. మొరుగుతాడన్నది అబద్ధం. వాడు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ చూసి మొరగలేదు. రాజ్యలక్ష్మి ఆంటీకి కుక్కలు పడవన్నది కూడా అబద్ధమే. అమ్మ బ్యాంకుకీ, నాన్న రైల్వే డ్యూటీకీ, నేను కాలేజీకీ వెళ్ళాక పగలంతా ఏడుస్తున్నాడని పక్క ఫ్లాటు వాళ్ళు చెబితే ఆవిడ పొమ్మన్నారు. చెబితే నువ్వు ఒప్పుకోవని భయపడ్డాను.

కానీ పెద్దమ్మా, తప్పు వాడిది కాదు. మా లైబ్రరీలో అట్ట ఊడిపోయిన కుక్కల పుస్తకం ఒకటి దొరికింది. అందులో వాడి జాతి గురించి రెండు పేజీలున్నాయి. వందల ఏళ్ళ కిందట సముద్రం మీద తిరిగే నావికులు ఇలాంటి కుక్కల్ని ఓడలో తోడుకి ఉంచుకునేవారట. తర్వాత రాజుల ఇళ్ళల్లో, రాణుల ఒళ్ళో పెరిగాయట. కాలం మారి రాజులు పట్టించుకోకపోతే సర్కసుల్లో గంతులేసి బతికాయట. ఎక్కడున్నా పని ఒకటే, మనుషుల్ని సంతోషపెట్టడం. వేటకుక్క వేటాడుతుంది. కాపలాకుక్క కాపలా కాస్తుంది. వీడి పని పక్కన ఉండటం. పక్కన మనిషి లేకపోతే పాపం వాడికి ఉద్యోగం పోయినట్టే. దీనికి నిఘంటువులో సాహచర్యం అనే మాట చూశాను. కలిసి నడవడం అట. ఎంత బాగుంది! పెన్సిల్ డబ్బా మూత మీద రాసుకున్నాను.

పుస్తకంలో ఒక ఉపాయం ఉంది. మొదట రెండు నిమిషాలు బయటికెళ్ళి రావాలి, తర్వాత మూడు, తర్వాత ఐదు, అలా పెంచుకుంటూ పోవాలి. రేడియో పెట్టి వెళ్ళినా కొంత ఊరట అట. ఒక్కసారి ప్రయత్నించు పెద్దమ్మా. నా మీద కోపం వాడి మీద చూపించకు.

తప్పు చేసిన
వినీల


గుణదల,
సెప్టెంబరు 14.

వినీలకి,

నిజం రాశావు కనక జవాబు రాస్తున్నాను.

నీ పుస్తకం చెప్పినట్టే చేశాను. రెండు నిమిషాలు, బాగానే ఉంది. ఐదు, బాగానే ఉంది. ఆరో నిమిషంలో మొదలు. నెల రోజులు రోజూ నా గుమ్మం ముందు నేనే గడియారం పట్టుకుని నిలబడ్డాను. ఆరు దాటలేదు. రేడియో పెట్టాను. వార్తలు చదివే ఆయనతో గొంతు కలిపి ఏడ్చింది.

రెండు నెలలుగా ఆదివారం ఆరాధనకి వెళ్ళలేదు. నెల మొదటి ఆదివారం ఇచ్చే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం కూడా పోయాయి. ముప్పై ఏళ్ళలో జ్వరమొచ్చినా మానలేదు నేను. అందుకని పోయిన ఆదివారం పక్కింటావిడ చేత ప్రార్థన మనవి రాసి పంపాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. చీటీలో ఇలా రాశాను: "మన్నా. మగ. రెండేళ్ళు. ఒంటరిగా వదిలితే ఏడుపు. తిండి తగ్గింది. కళ్ళ నీరు ఎక్కువ. ప్రార్థించగలరు. మార్త."

ఎవరన్నది రాయలేదు. కేసు షీటు మీద 'మనిషి' అని రాస్తామా? అలవాటు. పాస్టరుగారు వచ్చి రెండు నెలలే అయింది, ఆయనకి నా సంగతి తెలియదు. మైకులో చదివి, "ఈ వయసులో ఒక పసిబిడ్డని చేరదీసిన సహోదరి మార్త గారి ప్రేమను చూడండి" అని పావుగంట ప్రసంగించారట.

మంగళవారం స్త్రీల కూడిక వాళ్ళు ఆరుగురు దిగారు. యాపిల్ పళ్ళు, గ్రైప్ వాటర్, బేబీ పౌడరు, గిలక్కాయ. "ఏడండీ బాబు? నిద్రపోతున్నాడా?" అని సంపూర్ణమ్మ గారు గుసగుసగా అడుగుతుండగానే బాబు పరిగెత్తుకొచ్చి ఆరుగురికీ వరసగా పొట్ట చూపించాడు. ఆవిడ సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాకు నేల చీలితే బాగుండనిపించింది. కాసేపటికి ఆవిడే, "ఎండలో ఇంతదూరం వచ్చాం కదండీ, ప్రార్థన చేసేసి పోదాం" అన్నారు. చేశారు. ప్రార్థనలో కళ్ళు మూసుకోనిది అదొక్కటే. అందరి పాదాలూ నాకింది.

ఇక చాలు. మన సంఘంలో యేసుబాబుకి ఆటోనగర్‌లో లారీ పార్టుల షాపుంది. గోడౌనుకి కుక్క కావాలంటున్నాడు. వచ్చి చూసుకోమన్నాను.

పెద్దమ్మ


కంకిపాడు హాస్టల్,
సెప్టెంబరు 28.

పెద్దమ్మకి,

నీ ఉత్తరం కీర్తనకి చదివి వినిపించాను. కేసు షీటు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మంచం మీంచి కిందపడ్డాం. వార్డెన్ గారొచ్చి ఏమిటా గోల అని లాక్కుని చదివి, ఆవిడా నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. చివరి నాలుగు వాక్యాలు చదివాక మాత్రం ఎవరూ నవ్వలేదు.

గోడౌనుకి వద్దు పెద్దమ్మా. షట్టరు దించి తాళం వేస్తారు. ఇనుము, గ్రీజు, చీకటి. వాడికి ఆరు నిమిషాలే కదా వచ్చు! నీకు దణ్ణం పెడతాను. మార్చి దాకా అన్నావు. ఆరు నెలలే. నేను రాసిన అబద్ధాలకి నాకు ఏ శిక్షైనా వెయ్యి, వాణ్ణి మాత్రం పంపకు.

వినీల


గుణదల,
అక్టోబరు 26.

వినీలకి,

యేసుబాబు వచ్చాడు. నీ కుక్క అతని ఒళ్ళోకెక్కి గురక పెట్టింది. "దీన్ని కాపలా పెడితే దీనికి ఇంకో కుక్కని కాపలా పెట్టాలండీ" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కాబట్టి నీ దణ్ణాలు ఆపు.

ఇంకో సంగతి. మన వెనక సందు చివర దానమ్మ ఉంది, జాకెట్లు కుడుతుంది. పోయినేడు తుంటి విరిగి ఆపరేషనైంది. కర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తుంది, గడప దాటదు. నా ప్రార్థన చీటీ సంగతి ఎవరో చెబితే విని, రెండేళ్ళ బాబుకని పువ్వుల గుడ్డతో జుబ్బా కుట్టి పంపింది. కాలరు, జేబు, అన్నీ. అసలు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తిరిగిచ్చి చెప్పి రావడం మర్యాద కనక వెళ్ళాను. దాన్ని వదిలి వెళ్ళలేను కనక వెంట తీసుకెళ్ళాను.

దానమ్మ చూసి, "అయ్యో, కుక్కపిల్లా! నాలుగు చేతులు పెట్టాల్సిందిగా మరి" అంది. ఇది వెళ్ళి ఒళ్ళో ఎక్కింది. "ఉండనివ్వండమ్మా, మోటారు మిషనేగా, కాళ్ళతో పనేముంది" అని ఆవిడ కుట్టుకుంటూనే ఉంది. గుడ్డ ఇటు జరుగుతోంది, కత్తెర అటు పడుతోంది, ఇది కదల్లేదు. నేను కూర్చుని కూర్చుని, బజారు పని చూసుకొస్తానని లేచాను. రెండు గంటల తర్వాత వచ్చాను. ఎలా ఉన్నది అలాగే ఉంది. "ఏడ్చిందా?" అన్నాను. "ఎందుకేడుస్తుందండీ?" అంది.

అప్పట్నుంచి ఆదివారాలు అక్కడ వదిలి ఆరాధనకి వెళ్తున్నాను. దువ్వడం మాత్రం ఇంకా నాకే తప్పడం లేదు. చదువుకో.

పెద్దమ్మ


కంకిపాడు హాస్టల్,
డిసెంబరు 28.

పెద్దమ్మకి,

పండక్కి రెండు రోజులు వచ్చి వెళ్ళాను. అక్కడ నోరు విప్పలేకపోయాను, ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

గేటు తీయగానే మన్నా పరిగెత్తుకొచ్చాడు. చుట్టూ తిరిగి, వెల్లకిలా పడి, నా చేతులు నాకాడు. ఆరు నెలలైనా నన్ను మరిచిపోలేదని అక్కడే కూర్చుని ఏడ్చేశాను, నువ్వు చూశావు. పది నిమిషాల తర్వాత కేబులు అతను వచ్చాడు. అదే పరుగు, అదే వెల్లకిల, అదే నాకడం. ఒక్క వీసం తేడా లేదు. నేను కేబులు అతనితో సమానమా పెద్దమ్మా?

అది కూడా ఓర్చుకున్నాను. సాయంత్రం గొలుసు వేసి నడకకి తీసుకెళ్తే వెనక సందు రాగానే నన్ను ఈడ్చుకుంటూ పోయాడు. దానమ్మ గారి గుమ్మం దగ్గర తోక మాత్రమే కాదు, వెనక సగం అంతా ఊగింది. ఆవిడ "వచ్చావా నాన్నా" అంది. నాన్నా! వాడు నా కుక్క. ఆవిడకి వాణ్ణి అలవాటు చేసింది నువ్వు. నన్ను అడిగావా? నువ్వు హాయిగా ఆరాధనకి వెళ్ళడం కోసం నా వాణ్ణి పంచిపెట్టావు.

ఇక మీదట వాణ్ణి అక్కడ వదలకు. నాన్న కొత్త ఇల్లు చూశారు, ఫిబ్రవరిలో మారుతున్నారు, ఓనరుకి కుక్క ఉన్నా అభ్యంతరం లేదట. మార్చిలో వచ్చి తీసుకెళ్తాను.

వినీల


గుణదల,
జనవరి 25.

వినీలకి,

నీ ఉత్తరం అందిన రోజునుంచి దాన్ని వెనక సందుకి తీసుకెళ్ళలేదు. కుక్క నీది, మాట నీది. మూడు ఆదివారాలు నేను ఆరాధనకి వెళ్ళలేదు. దానమ్మ మనిషిని పంపి "ఒంట్లో బాలేదా దానికి" అని అడిగించింది. బాగానే ఉందన్నాను.

'హాయిగా' అని రాశావు. ఆ మాట మీద నాలుగు రోజులు అన్నం సయించలేదు. కనక సూటిగా రాస్తున్నాను, ఒక్కసారే రాస్తాను. నాకు కుక్కలంటే ఇష్టం లేదు. జులైలో లేదు, ఇప్పుడూ లేదు. కథల్లోలాగా చివరికి ఇష్టం కలుగుతుందని నువ్వు చూస్తున్నట్టున్నావు. కలగలేదు. దువ్వినప్పుడు ఊడిన దాని జుట్టు నా పప్పులో కనబడితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా ఏడు నెలలుగా రోజూ దువ్వుతున్నాను, కళ్ళు తుడుస్తున్నాను, దాన్ని ఒంటరిగా వదిలి ఆరు నిమిషాలకి మించి గడప దాటడం లేదు. ఎందుకంటే నీకు మాటిచ్చాను. నువ్వంటే ఇష్టం. అంతే.

అందరితోనూ ఒకేలా ఉందని నీ బాధ. అది దాని స్వభావమని నువ్వే కదా ఆగస్టులో రెండు పేజీలు రాశావు. పుస్తకంలో ఉంటే ముద్దొచ్చింది, గేటు దగ్గర కనబడితే కోపమొచ్చిందా?

ఒక ప్రశ్న. జుట్టు గురించి రాశావు, తిండి గురించి రాశావు. మీ కొత్త ఇంట్లో పొద్దున ఎనిమిదిన్నరకి మీ అమ్మ వెళ్ళాక సాయంత్రం ఆరున్నర దాకా అదేం చేస్తుంది? ఓనరుకి అభ్యంతరం లేదన్నావు. దానికో? జవాబు రాయి. మార్చిలో తీసుకెళ్తానని రాస్తే దువ్వి, స్నానం చేయించి, సిద్ధంగా ఉంచుతాను. ఇంకో మాట అనను.

పెద్దమ్మ


కంకిపాడు హాస్టల్,
ఫిబ్రవరి 1.

పెద్దమ్మకి,

ఉత్తరం అందినప్పటినుంచీ నీ ప్రశ్నతోనే ఉన్నాను. ఫిజిక్స్ నోట్సు వెనక గంటలు వేసి చూశాను. నేను ఇంట్లో ఉంటే సరిపోతుందనుకున్నాను. మార్చి పరీక్షలయ్యాక రెండు నెలలు ఎంట్రన్సు కోచింగ్, పొద్దున ఆరునుంచి. ఆ తర్వాత కాలేజీ, ఏ ఊళ్ళోనో తెలియదు, మళ్ళీ హాస్టలే. ఎటు తిప్పి వేసినా వాడి పక్కన నేనుండేది రోజుకి రెండు గంటలు. అవీ వాడి కోసం కాదు, నేను అలసిపోయి వచ్చి వాణ్ణి ఎత్తుకోవడానికి.

ఇంకొకటి తోచింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది. వాడు ఏడుస్తాడని రాజ్యలక్ష్మి ఆంటీ చెప్పారు, పక్కవాళ్ళు చెప్పారు, నువ్వు రాశావు. దాదాపు రెండేళ్ళుగా వాడు నా కుక్క. ఆ ఏడుపు నేను ఒక్కసారి కూడా వినలేదు పెద్దమ్మా. వినే వీలు నాకెక్కడిది? నేను గుమ్మం దాటాకే కదా అది మొదలయ్యేది. తిరిగొచ్చేసరికి తోక ఊపుతూ ఉంటాడు. నాకు తెలిసిన మన్నా వేరు. మిగతా పది గంటల మన్నా ఎవరో నాకు తెలియనే తెలియదు. నువ్వు విన్నావు, ఇష్టం లేకుండానే విన్నావు.

దానమ్మ గారికి ఇచ్చెయ్యి. అప్పుడప్పుడు వదలడం కాదు, ఇచ్చెయ్యి. ఆవిడ గడప దాటదన్నావు. వాడికి కావాల్సింది అదే. ఆవిడ ఏ పేరుతో పిలిచినా సరే.

ఇది రాస్తూ ఏడుస్తున్నాను, కీర్తన పక్కన కూర్చుని నా రికార్డు తనే రాసిపెడుతోంది. 'హాయిగా' అన్న మాటకి క్షమించు. మాటలంటే పిచ్చి పట్టిందని ఏది పడితే అది విసిరేశాను.

వినీల


గుణదల,
ఫిబ్రవరి 15.

వినీలకి,

మేరీమాత ఉత్సవాల జనం సర్దుకునే దాకా ఆగి, నిన్న శనివారం తీసుకెళ్ళాను. మా వీధిలో అడుగు తీసి అడుగు వేయడానికి లేకపోయింది, యాత్రికులందరికీ ఇది పొట్ట చూపిస్తుంటే నేను ఎక్కడ వెతకను?

దానమ్మ మొదట నమ్మలేదు. "ఎన్నాళ్ళకండీ?" అంది. ఎప్పటికీ అన్నాను. "ఆ అమ్మాయి బాధపడదా?" అంది. పడుతుందన్నాను. ఆవిడ ఒళ్ళో గుడ్డ తీసి పక్కన పెట్టింది. దువ్వెన ఇచ్చి ఎలా దువ్వాలో చూపించాను. "కుట్టుపనిదాన్ని, చిక్కులు తీయడం నాకు తెలీదా అమ్మా" అని నా చేతిలోంచి లాక్కుంది. నాకు ఏడు నెలలు దిగని దువ్వెన ఆవిడకి ఐదు నిమిషాల్లో దిగింది. చిరాకేసింది.

నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. నేను లేచి వస్తుంటే అది వెనక్కి తిరిగి చూడలేదు.

ఇవాళ ఆరాధనకి వెళ్ళి వచ్చాను. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు ఎప్పుడైనా రమ్మంది దానమ్మ. వెళ్ళినా, వెళ్ళకపోయినా నీ ఇష్టం. ముందు పరీక్షలు. హాల్ టికెట్టు వచ్చిందా? పొద్దున ఖాళీ కడుపుతో వెళ్ళకు.

ఒకటి చెప్పాలి. నిన్న అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి రాలేదు. సందు మలుపు దగ్గర, ఆవిడకి కనబడకుండా, గోడ పక్కన నిలబడ్డాను. ఆరు నిమిషాలైంది. పది అయింది. పావుగంట. దారిన పోయేవాళ్ళు "ఎవరి కోసమండీ?" అని అడిగారు కూడా. మిషను మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఇంటికొచ్చేశాను.

పెద్దమ్మ